అర మెట్టు కింద మొదటి పాట

ఆల్బమ్‌లో మొదటి పాట తమ్ముడు రాసిందే. పాడాల్సింది మాత్రం అన్న. బ్యాండ్ పెట్టిన నాటి నుంచీ గొంతు అన్నది, బేస్ గిటారు తమ్ముడిది. ఇంట్లోనైనా, స్టేజీ మీదనైనా పెద్దవాడి మాటకు ఎదురులేదు.

పల్లవి చివర అరుపులాంటి పై స్వరం ఒకటుంది. కొన్నాళ్లుగా అన్న గొంతు దాని గుమ్మం దాకా వెళ్లి చతికిలపడుతోంది.

"రేపు కూడా అందకపోతే నువ్వే పాడేయ్," అన్నాడు రికార్డింగ్ ఇంజినీరు, తమ్ముడిని పక్కకు పిలిచి.

తమ్ముడి గుండె ఎగిరి గంతేసింది. ఆ వెంటనే సిగ్గేసింది. పాట చేజారితే అన్న మళ్లీ మైకు ముందుకు రాడని అతనికి తెలుసు.

మర్నాడు అందరికంటే ముందే స్టూడియోకి వెళ్లి, గిటార్లన్నిటి బిరడాలూ తిప్పి శ్రుతి అర మెట్టు దించేశాడు. శ్రుతి దిగితే పాట మొత్తం దిగుతుంది. పై స్వరం గొంతుకు అందుబాటులోకొస్తుంది. అప్పుడే వచ్చిన డ్రమ్మర్ గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఏం చేస్తున్నావ్రా?"

"అన్నయ్యకి చెప్పకు."

"నేను బాదుకునేవాణ్ణి. శ్రుతుల గొడవ నాకెందుకు? ఏం చూళ్లేదు, పో."

అన్న వచ్చి, కళ్లు మూసుకుని పాడాడు. పై స్వరం అవలీలగా అందింది. హెడ్‌ఫోన్లు తీసి తమ్ముడి వంక చూశాడు.

"గొంతు పోయిందని గుసగుసలాడుకున్నారుగా నువ్వూ, ఇంజినీరూ? నాకు చెవులున్నాయిరా. నా చోటుకే ఎసరు పెడదామనుకున్నావ్."

"అదేం లేదన్నయ్యా."

"పాడటమంటే ఏంటో ఇప్పుడు తెలిసిందా?"

తెలిసిందన్నట్టు తమ్ముడు తలూపాడు.

అన్న సంచిలోంచి మౌత్ ఆర్గాన్ తీశాడు. "పాట మొదట్లో నాన్నది ఊదుతా."

తండ్రి కార్ఖానా నుంచి రాగానే, చేతులైనా కడుక్కోకుండా మెట్ల మీద కూర్చుని ఊదేవాడు దాన్ని. ఆయన పోయాక తల్లి పెద్దకొడుకు చేతిలో పెట్టింది. గిటార్లయితే తమ్ముడు దించాడు గానీ, దీని శ్రుతి దించడం ఎవరి తరం?

"వద్దులే అన్నయ్యా. పాట బరువైపోతుంది."

"నాన్న బరువయ్యాడా నీకు?"

అన్న ఊదాడు. గిటార్లు అందుకున్నాయి. పంటి కింద రాయి పడ్డట్టయింది. మళ్లీ ఊదాడు. నిన్నటి దాకా ఇవే గిటార్లతో చక్కగా కలిసిన వాయిద్యం. ఇంజినీరు కళ్లద్దాలు తుడుచుకోసాగాడు. డ్రమ్మర్ బిగుతుగానే ఉన్న డ్రమ్ము మరను మళ్లీ బిగించాడు.

అన్న తన చేతిలోని వాయిద్యాన్ని చూశాడు. గిటారు బిరడాలను చూశాడు. తర్వాత తమ్ముడిని చూశాడు, చాలాసేపు.

"అన్నయ్యా, నేను..."

"తుప్పు పట్టిపోయింది ఇది," అన్నాడు అన్న మామూలు గొంతుతోనే. "పాత సామాను. ఊరికే మోసుకు తిరుగుతున్నా."

తలుపు దగ్గరున్న చెత్తబుట్టలో, తాగిపడేసిన టీ కప్పుల మీదికి దాన్ని విసిరేశాడు.

"నేను పాడింది అలాగే ఉంచండి. అదే మొదటి పాట."

తమ్ముడు బుట్ట దగ్గరికి వెళ్లి వంగాడు. వెనక నుంచి అన్న మాట వినబడింది.

"దాన్ని తీశావంటే పాట కూడా నువ్వే పాడుకో."

తమ్ముడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.