కుడివైపు

ఆ వరుస చివరికి చేరాక ఎలీ నడుం ఎత్తి నిలబడ్డాడు. ఫిబ్రవరి గాలి కొండల మీంచి దిగి ఆకుల్లేని ద్రాక్షమోళ్ళ మధ్య ఈడ్చి కొడుతోంది. ఉన్నిటోపీని చెవుల మీదకి లాక్కున్నాడు. చెవులని పేరే గానీ వాటికి ఆకారం మిగల్లేదు. రగ్బీలో తలలు కలిపి తోసుకునే స్క్రమ్ముల్లో నలిగి నలిగి ఉడికిన పుట్టగొడుగుల్లా ముడుచుకుపోయాయి. కుడిచేతి ఉంగరపు వేలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. ఆ చేత్తోనే పాతికేళ్ళుగా పరాయివాళ్ళ తోటల్లో తీగలు కత్తిరిస్తున్నాడు.

పక్క వరుసలోంచి తోటికూలీ ద్రిస్ కేకేశాడు. "ఛాంపియన్, అది పొద్దున కత్తిరించిన వరుసే. మళ్ళీ గొరిగితే మోడు ఏడుస్తుంది."

ఎలీ చూసుకున్నాడు. నిజమే. నవ్వేసి వరుస మారాడు. ఈ మధ్య ఇలాంటివి ఎక్కువయ్యాయి. ఇంట్లో ఆ మాటెత్తితే డాక్టరంటారని ఎవరికీ చెప్పడం లేదు.

మా ఊళ్ళో అతన్ని ఎరగనివాళ్ళు లేరు. మాకు ఆటంటే పదమూడు మంది ఆడే రగ్బీయే. యుద్ధకాలంలో ప్రభుత్వం దాన్ని నిషేధించి మైదానాలతో సహా లాక్కుందన్న కోపం మా ముసలివాళ్ళకి ఇంకా చల్లారలేదు. అదే రగ్బీని పదిహేను మందితో ఆడే ఊరి పిల్లని చేసుకుంటామంటే మొహం చిట్లించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అలాంటి ఊరినుంచి ఎలీ దేశం తరఫున నాలుగు మ్యాచులు ఆడాడు. మూడింటి సంగతి ఎవరికీ పట్టదు. నాలుగోది, పెర్పిన్యా పట్నంలో ఆస్ట్రేలియా వాళ్ళని ఓడించింది, దాన్ని మాత్రం కెఫేలో ముప్ఫై ఏళ్ళుగా చెప్పించుకుంటున్నాం. బంతి ఎలా అందుకున్నాడో, ఎడమకి ఎలా తిరిగాడో, ఇద్దర్ని ఈడ్చుకుంటూ వెళ్ళి గీత అవతల బంతిని నేలకి ఆనించి ఎలా గెలిపించాడో. అతను చెబుతూంటే పక్కబల్లవాళ్ళు పేకముక్కలు కింద పెట్టేసేవారు. ఆదివారంనాడు మైదానంలో జనం కూర్చోడానికి కొత్తగా కట్టిన మెట్లకి అతని పేరు పెడుతున్నారు. మైకులో అతను మళ్ళీ అదే చెప్పాలి.

చిక్కల్లా ఏమిటంటే, ఎలీకి ఆ మ్యాచ్ గుర్తు లేదు. ఇప్పుడు మరిచిపోవడం కాదు, ఎప్పుడూ గుర్తు లేదు. మొదటి సగంలో ఎవడిదో మోకాలు కణతకి తగిలింది. తర్వాత కళ్ళు తెరిచేసరికి స్నానాల గదిలో బెంచీ మీద ఉన్నాడు, అందరూ అతన్ని ముద్దు పెట్టుకుంటున్నారు. మర్నాడు బస్సులో, పక్కసీట్లో కూర్చున్న జట్టువాడు మార్సియల్ జరిగిందంతా చెప్పాడు. ఎలీ దాన్ని బడిలో పద్యంలా బట్టీపట్టాడు. పత్రికలో ఫోటో వచ్చింది గానీ అందులో మనుషుల కుప్ప, కుప్ప కింద ఒక చెయ్యి తప్ప ఏమీ కనబడదు. ఆ చెయ్యి తనదేనా అని ముప్ఫై ఏళ్ళుగా లోలోపల దొలుస్తూనే ఉంది. అడగాలంటే భయం. ఆ రోజు చేతికందేంత దూరంలో ఉన్నవాళ్ళలో బతికున్నది మార్సియల్ ఒక్కడే. అతను ఊపిరితిత్తులు పాడై నెలరోజులుగా మంచం మీదున్నాడు.

మధ్యాహ్నం దాటాక మార్సియల్ భార్య ఒదెత్ తోట గట్టు దగ్గర కారాపింది. దిగకుండానే అద్దం దించింది.

"నిన్ను అడుగుతున్నాడు ఎలీ. రేపటిదాకా ఆగేట్టు లేడు."

కారెక్కి, దారంతా ఎలీ ఆ చెయ్యి ఎవరిదన్న ప్రశ్నని నోట్లో నలుపుకున్నాడు. అబద్ధాలకోరుగా మెట్లెక్కడం అతని వల్ల కాదు. తనది కాదని తేలితే మేయరుతో చెప్పేసి ఇంట్లో కూర్చుంటాడు.

వెచ్చగా ఉంటుందని మంచం వంటింట్లోకి మార్చారు. ఒకప్పుడు స్క్రమ్ము మధ్యలో ఇద్దరి భుజాలు పట్టుకుని ఎద్దులాంటి మెడతో వేలాడినవాడు మార్సియల్, ఇప్పుడా మెడ చొక్కా కాలరులో వదులుగా తిరుగుతోంది. ఒదెత్ పొయ్యి దగ్గర సూపు కలుపుతోంది.

ఎలీ నోరు తెరిచేలోగా మార్సియలే అన్నాడు. "ఆ మ్యాచ్ సంగతి చెప్పరా గాడిదా. ఆదివారం నేను ఉండను. ఇప్పుడు విననీ."

అడగాల్సినవాడు చెప్పాల్సి వచ్చింది. ఎలీ కుర్చీ లాక్కుని మొదలుపెట్టాడు. చలి, బురద, స్కోరు, చేతికొచ్చిన బంతి. ఎడమకి తిరిగాను అన్నచోట మార్సియల్ కళ్ళు తెరిచాడు.

"ఎడమ కాదు. కుడి."

"బస్సులో నువ్వే కదరా ఎడమన్నావు."

"అన్నాను." ఊపిరి కోసం ఆగాడు. "బంతి పట్టుకుని మన గీతవైపే మొహం పెట్టి నిలబడ్డావు. కళ్ళల్లో నువ్వు లేవు. మెడ పట్టుకుని కుడికి తిప్పి తోశాను. కుడి అని చెబితే ఎవరు తిప్పారో చెప్పాలి, నేను కూడా కథలోకి రావాలి కదా."

ఎలీకి ముందు కోపమొచ్చింది. సోయిలేనివాణ్ణని తెలిసి, బయటికి పంపకుండా, బండికి ఎద్దుని తిప్పినట్టు తిప్పి తోశాడు. ఇన్నేళ్ళ తలనొప్పులు, పొద్దున్న కత్తిరించిన వరుసని మళ్ళీ కత్తిరించడం, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. కానీ ఎదురుగా ఉన్నవాడి మీద ఆ కోపం పెట్టడానికి చోటు లేదు.

"బంతి ఆనించింది ఎవర్రా?" అన్నాడు చివరికి.

"నువ్వే. ఆనించమని నీకెవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు." మార్సియల్ అతని వంకర వేలు పట్టుకున్నాడు. "ఆరోజు నిన్ను కూర్చోబెట్టాల్సింది. గెలవాలనిపించింది, అంతే."

ఎలీ వేలు వెనక్కి తీసుకోలేదు. ఒదెత్ గిన్నెలో సూపు పోసి, భర్తకి ఇష్టమని కాస్త ఎర్రవైను కలిపి మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. చల్లారనీ అన్నాడు మార్సియల్. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. తర్వాతిది వస్తుందని ఇద్దరూ చాలాసేపు ఎదురుచూశారు. రాలేదు. ఒదెత్ పొయ్యి కట్టేసి, భర్త కళ్ళు మూసి, కుర్చీలో కూలబడింది. ఎలీ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

బయట చీకటి పడుతుండగా ఒదెత్ అడిగింది. "ఆదివారం ఎలా మరి? వద్దని మేయరుకి చెప్పనా?"

"వద్దు, వెళ్తాను. నువ్వు ముందు వరుసలో కూర్చో." ఎలీ టోపీని చేతుల్లో నలిపాడు. "ముప్ఫై ఏళ్ళ అలవాటు, నా నోరు ఎడమకే పోతుంది. ఈ బుర్రలో అప్పటిదాకా ఏముంటుందో కూడా తెలీదు. నేను ఎడమ అన్నానంటే, కుడి అని గట్టిగా కేకెయ్యి. మార్సియల్ తోశాడని కేకెయ్యి."

ఆమె తలూపింది. స్టూలు మీద గిన్నెలో సూపు చల్లారిపోయి, వైను కలిసిన ఎర్రటి నీళ్ళ మీద కొవ్వు తెల్లగా పేరుకుంటోంది.