ఎడమ చేతి ఆట

నీళ్లు ఎక్కువ పోస్తున్నాడు మల్లేష్, బగారా అన్నానికి అన్ని నీళ్లు పోస్తే మెతుకూ మెతుకూ అంటుకొని ముద్దైపోతుంది, కొత్త బియ్యానికి ఇంకా తగ్గించాలి, ఎన్నిసార్లు చెప్పలేదు వీడికి, ఇదే కాలువ గట్టు మీద ఇట్లాంటి మూడు రాళ్ల పొయ్యి ముందరే కూర్చోబెట్టి, ఇప్పుడైనా చెప్పాలి, నీళ్లు అనాలి, నీళ్లు, తల లోపల మాట ఎంత తేటగా ఉంది, ఫరాజ్ నోరు తెరిచాడు, పొద్దు అన్నాడు, అది కాదు, మళ్లీ తెరిచాడు, పొద్దు, పొద్దు, మల్లేష్ గరిటె పట్టుకొనే ఇటు తిరిగి, అవు భాయ్, పొద్దు బాగెక్కింది, ఆకలైతాందా, జర ఆగు, అయిపాయె అని పసిపిల్లతో మాట్లాడినట్టు సాగదీసి గట్టిగా అన్నాడు, గట్టిగా ఎందుకు, చెవులకేమైంది, పోయినవి కుడి చెయ్యీ కుడి కాలూ మాటా, ముక్కు కూడా బాగానే ఉంది, అడుగున ఉల్లిగడ్డ మాడుతున్న సంగతి ఇక్కడిదాకా తెలుస్తోంది, ఆ మాడు వాసన మోటర్ కాలిన వాసనలాగానే ఉంటుంది, హాలియాలో అతని దుకాణం నిండా అదే వాసన, కాలిపోయిన బోరు మోటర్లు వరసగా, రాగి తీగ చుడుతూ చుడుతూ ఉండగా వానాకాలంలో ఒక మధ్యాహ్నం చెయ్యి ఆగిపోయింది, తీగ ఎక్కడిదక్కడే, కరెంటు పోయిందనుకున్నాడు, నిజంగా అట్లాగే అనుకున్నాడు, కరెంటు పోయింది, వస్తుందిలే అని.

రాలేదు, నల్లగొండ దవాఖానలో మంచం మీద పైకప్పును చూస్తూ ఆదివారాలను తలచుకున్నాడు, పెళ్లాం కౌసర్ స్పూనుతో జావ పోస్తుంటే మింగుతూ గాలానికి వానపాము ఎర్ర గుచ్చడం తలచుకున్నాడు, బెండు నీళ్లలో కదలడం, కొర్రమీను లాగినప్పుడు కర్ర వంగడం, గట్టు మీద వేపచెట్టు కింద స్టూలు మీద క్యారం బోర్డు, బోరిక్ పౌడర్, ఆదివారం తెల్లారితే అతన్ని ఇంట్లో ఆపినవాళ్లు లేరు, ఈ రోజూ ఆదివారమే, ఎడమ కాలువకు నీళ్లు వదిలారు, ఆదివారాల దోస్తు భిక్షపతి తన ఆటో తెచ్చి ఇంటి ముందర ఆపి, భాయ్‌ని తీస్కపోతం భాబీ, జర గాలి తగుల్తది అన్నాడు, కౌసర్ గోలీల డబ్బీ సంచిలో వేసుకొని నేను కూడా వస్త అన్నది, రాక తప్పదు, అతన్ని ఒంటికి తీసుకుపోవాలంటే ఎవరు తీసుకుపోతారు, ఇన్నేళ్లలో ఆమె ఈ గట్టు చూడడం ఇదే మొదటిసారి, చూసి, గీ జాగేనా అన్నది.

పెద్ద ఆటగాడు ఫరాజ్, మండలంలో అందరికీ తెలుసు, బోర్డు వేశాడంటే అన్న లేదు తమ్ముడు లేదు, ఒకసారి వరసగా ఓడిపోయి మల్లేష్, వండిన కూర కూడా తినకుండా చెప్పులేసుకొని నడిచి వెళ్లిపోయాడు, పోనీ అని ఫరాజ్ వెనక నుంచి నవ్వాడే తప్ప పిలవలేదు, అట్లా ఉండేది ఆట, ఇప్పుడు వాళ్లు కుర్చీ దగ్గరికి బోర్డు జరిపి అతని ఎడమ చేతిలో స్ట్రైకర్ పెట్టారు, కొట్టు భాయ్, కొట్టాడు, స్ట్రైకర్ వంకరగా పోయి అంచుకు తగిలి ఆగింది, శెభాష్ అన్నాడు భిక్షపతి, దేనికి శెభాష్, ఏ కాయినూ కదలలేదు, మళ్లీ అతని వంతొచ్చింది, తెల్లది మూల పాకెట్ నోట్లోనే ఉంది, ఊదితే పడుతుంది, పడింది, చప్పట్లు, తర్వాత రెడ్ అంచు మీదికొచ్చి నిలబడితే మల్లేష్ గురి చూసి, ఎంతసేపు చూశాడు, కళ్లు మూసుకొని కొట్టినా వేసే మనిషి స్ట్రైకర్‌ను పక్కకు పోనిచ్చాడు, అరె తప్పిపాయె అన్నాడు, భిక్షపతి కూడా అవు, తప్పిపాయె అన్నాడు, అప్పుడు ఫరాజ్ చూశాడు, వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం చూశాడు, దవాఖానలో డాక్టరుతో మాట్లాడి బయటికొచ్చిన రోజు కూడా వీళ్లు ఇట్లాగే చూసుకున్నారు, ఆ రెడ్ నాకు పెట్టారు, బిచ్చగాడి గిన్నెలో పెట్టినట్టు పెట్టారు, గట్టు కింద గాలం కర్ర వంగి వంగి లేచింది, బెండు మునిగిపోయింది, అతను తప్ప ఎవరూ చూడలేదు, చెప్పడానికి మాట లేదు, చేప ఎర్ర తినేసి పోయింది, ఏ భాయ్, నీ ఎడమ చెయ్యి కూడా గదే చెయ్యి, గెలుస్తానవ్ చూడు అంటున్నాడు మల్లేష్.

ఎడమ చెయ్యి దానంతటదే లేచింది, బోర్డును ఒక్క తోపు తోసింది, స్టూలు పక్కకు ఒరిగింది, కాయిన్లు గడ్డిలో చెల్లాచెదరయ్యాయి, పౌడర్ తెల్లగా లేచి అతని మోకాళ్ల మీద పడింది, గొంతులోంచి ఏదో కూత వచ్చింది, పొద్దు కూడా కాదు, ఉత్త కూత, మూతి పక్కన చొంగ కారుతోంది, తుడుచుకోవాలంటే ఏ చేత్తో, ఆ ఎడమ చెయ్యి కుర్చీని పట్టుకొని వదలడం లేదు, మల్లేష్ లేచి పొయ్యి దగ్గరికి పోయాడు, గొంతు తగ్గించి పాపం అన్నాడు, దిమాగ్ గూడ దెబ్బతిన్నట్టుంది, ఇగ తీస్కరావొద్దుర భిక్షపతీ, మనకే బాధ, ఇప్పుడు మాత్రం మెల్లగా మాట్లాడుతున్నాడు, వినపడొద్దని, ప్రతి మాటా వినపడింది.

కౌసర్ అప్పటిదాకా వేపచెట్టు మొదట్లో కూర్చొని ఉన్నది, లేచింది, వస్తోంది తుడవడానికి, తుడిచి నీళ్లు తాగించి పడుకోబెడుతుంది అనుకున్నాడు, ఆమె అతని దిక్కు చూడకుండా గడ్డిలో వంగి కాయిన్లు ఏరింది, నల్లవి తెల్లవి ఒక్కొక్కటే, రెడ్ తుమ్మ కంప కింద దొరికింది, ముల్లు గుచ్చుకున్నట్టుంది, వేలు నోట్లో పెట్టుకుంది, స్టూలు నిలబెట్టి బోర్డు తుడిచి కాయిన్లు పేర్చింది, ఈమెకు పేర్చడం ఎట్లా తెలుసు, నల్లదీ తెల్లదీ ఒకటి విడిచి ఒకటి, నడుమ రెడ్, ఎదురుగా కూర్చొని బురఖా చెయ్యి మోచేతి దాకా మడిచి కొట్టింది, కాయిన్లు నాలుగు దిక్కులకూ విచ్చుకున్నాయి, తెల్లది ఒకటి పాకెట్లో పడింది, మళ్లీ కొట్టింది, మరొకటి, తర్వాత తప్పి, నీ వంతు అన్నది, కొట్టాడు, తప్పింది, శెభాష్ అనలేదు ఆమె, మళ్లీ తను కొట్టి వేసింది, పొయ్యి దగ్గర నుంచి భిక్షపతి వచ్చి, భాబీ జర చూసి ఆడున్రి అన్నాడు, ఏం చూసుడు, మీరు చూసి ఆడిన్రనే కద బోర్డు ఎత్తేసిండు అన్నది, ఇంట్లో ఉర్దూలో మాట్లాడే మనిషి వాళ్లకూ తెలియాలనే కాబోలు తెలుగులో అన్నది, రెడ్ వేసింది, దాని వెనకే కవర్‌గా ఇంకో తెల్లది వేసింది, ఫరాజ్ నోరు తెరుచుకొని చూస్తున్నాడు, ఆమె ఆ చూపుకు జవాబు చెప్పింది, స్ట్రైకర్ సర్దుకుంటూ, మా దేవరకొండల మా తమ్ముళ్లతోని ఆడేదాన్ని, వాళ్లెన్నడు నన్ను గెల్వలే, చెప్పలేదేందని చూస్తున్నవా, నువ్వు అడిగితే కద, పెండ్లైన కొత్తల నీ బోర్డు దుమ్ము దులుపుతుంటే, ముట్టకు, పౌడర్ చెదురుతది అన్నవ్, గంతే, ఇగ ముట్టలే.

అన్నాడా, గుర్తు లేదు, అనే ఉంటాడు, అప్పుడు తన గొంతు ఎట్లా ఉండేదో తనకు తెలుసు, ఆదివారం తలుపు దగ్గర గాలం కర్రలు భుజాన వేసుకుంటూ వెనక్కు తిరగకుండానే రాత్రికొస్త అనేవాడు, ఊఁ అని లోపలి నుంచి వినపడేది, ఆ ఊఁ తర్వాత పొద్దుగూకేదాకా ఆ ఇంట్లో ఆమె ఏం చేసేదో ఒక్కనాడు అనుకోలేదు, గట్టు మీద దమ్ము మూత తీసి అందరికీ కొసరి కొసరి వడ్డించిన చేత్తో ఇంటికొక్క ముద్ద తీసుకుపోయినట్టు కూడా గుర్తు లేదు, చేపల సంచి మాత్రం ఇచ్చేవాడు, కడుగు అని, కౌసర్ ఆఖరి తెల్లది వేసింది, ఓడిపోయినవ్ అన్నది, ఆమె ముఖంలో గెలిచిన సంబరం లేదు, వెతికాడు ఫరాజ్, దవాఖాన నుంచి వచ్చినప్పటి నుంచి ప్రతి ముఖంలో కనిపించే పాపం కూడా లేదు, ఉన్నది కోపం, ఈ రోజుది కాదు, చాలా పాతది, ఆరకుండా మిగిలినది, ఆమె దాన్ని దాచిపెట్టడం లేదు, కళ్లలోకే చూస్తోంది, చచ్చినవాళ్ల మీద ఎవరూ ఇంత కోపం పెట్టుకోరు, ఆమెకు తాను ఇంకా బతికే ఉన్నాడు, మరి ఇన్నేళ్లూ తనకు ఆమె బతికి ఉన్నదా అంటే, లేదు.