మూత

ఆమె యాభై రెండో కాలరు కుడుతుండగా నీళ్ల ప్రాజెక్టు సారు వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. మిషన్ల మోతలో ఆయన మాట వినపడలేదు. ఆయన చేతిలోని బ్యాడ్జి మాత్రం ఆమెకు కనిపించింది. యువ భాగస్వామి అని రాసి, నీలం దారం కట్టి ఉంది. ఏడు నెలలు చెల్లెలి మెడలో ఊగిన దారం.

"ఒక్క గంట రామ్మా. ప్రాజెక్టుకి డబ్బిచ్చేవాళ్లు విదేశాల నుంచి వచ్చారు, యువతతో మాట్లాడతారట. చెల్లెలి కుర్చీ ఖాళీగా ఉంటే బాగుండదు."

సూపర్‌వైజరు అరపూట కూలి కోత రాసుకున్నాడు. ఆమె లేచింది.

చెల్లెలిని పేటంతా పిచ్చుక అనేవాళ్లు, నోరు ఊరుకోదని. బ్యాడ్జి వేసుకుని ఇంటికొచ్చిన రోజు అమ్మ ఎగాదిగా చూసింది.

"భాగస్వామా? ఆడపిల్లవి, నువ్వు స్వామివేంటే?"

"స్వామిని కాదే అమ్మా, భాగం ఉన్నదాన్ని. మన పేటలో కట్టే నీళ్ల తొట్టె గురించి నా మాటా వింటారు."

"వింటే, నీళ్లు పొద్దున్నే వదలమను. మధ్యాహ్నం దాకా బిందెలకు కాపలా కాయలేక చస్తున్నాం."

అడిగింది. నీళ్లు పొద్దున్నే రావడం మొదలైంది. వారం రోజులు పిచ్చుక కాళ్లు నేలమీద నిలవలేదు. తర్వాత నేలలో కట్టిన ఆ తొట్టెకు మూత పెట్టమని మూడు సమావేశాల్లో అడిగింది. మూడుసార్లూ 'యువత అభిప్రాయం స్వీకరించాం' అని పుస్తకంలోకి ఎక్కింది. దస్తూరి బాగుంటుందని ఆ ముక్క రాసే పని కూడా పిచ్చుకకే ఇచ్చారు.

పోయిన నెల, బాగున్నాయో లేదో పరీక్షకు పంపే నీళ్లు సీసాలో పట్టడానికి వంగి, ఆ తొట్టెలోనే పడి ప్రాణం పోగొట్టుకుంది. ఖాళీ సీసా పైన తేలుతూ కనిపించింది. సీసాకు మూత ఉంది.

ఆఫీసు గదిలో సారు ఆ పుస్తకమే ఆమె ముందుకు జరిపాడు. రెండు నెలల కిందటి తేదీ వేసి, కొత్త సిరాతో ఒక వాక్యం రాసి ఉంది: 'మూత అవసరం లేదని యువ భాగస్వాములతో కలిసి నిర్ణయించాం.' కింద చెల్లెలి పేరు, పక్కన ఖాళీ.

"మీ ఇద్దరి దస్తూరీ ఒకటే కదమ్మా. ఒక్క సంతకం."

చెల్లెలి వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది తనే. ఒకటి కాక ఏమవుతుంది?

"అది ఒప్పుకోలేదు కదా సార్."

"ఆ మాట బయటపడితే ఇంకో నాలుగు పేటల్లో తొట్టెలు ఆగిపోతాయి. అక్కడ గొంతు తడుపుకోవడానికి నీళ్లు లేవు." ఆయన వేలితో ఆ ఖాళీ చూపించాడు. "దూకి పిల్లను పైకి తీసింది నేనేనమ్మా. నాకు మాత్రం బాధ లేదా?"

"ఆ నాలుగింటికీ మూతలు పెడుతున్నారా సార్?"

ఆయన కలం మూత తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె కలం బల్లమీద పెట్టేసింది.

ఇంతలో అతిథులు వచ్చారు. తల నెరిసిన ఒకావిడ ఆమె చేయి రెండు చేతులతో పట్టుకుని, ఏదో ఆప్యాయంగా అంది. పక్కనున్న దుబాసీ పిల్ల తెలుగులో చెప్పింది: "మీలాంటి యువతే మాకు అసలైన భాగస్వాములంటున్నారు. మీరేం చెప్పదలుచుకున్నారని అడుగుతున్నారు."

దుబాసీకి పిచ్చుక వయసే ఉంటుంది.

"మూతని వాళ్ల భాషలో ఏమంటారమ్మా?"

దుబాసీ సారువైపు చూసింది. సారు నేలవైపు చూశాడు.

ఆమె రెండు అరచేతులూ దగ్గరకు చేర్చి, బోర్లించి, గాలిలో ఒక తొట్టె మీద మూత పెట్టినట్టు పట్టుకుంది. దించలేదు.