తెరమీది జవాబు

నందిగామ శివార్లలోని ఆ ఇంజనీరింగు కళాశాలలో కొత్త యంత్రానికి కుంకుమ బొట్లు పెడుతున్నారు. అధ్యాపకురాలు వాగ్దేవి మాత్రం గోడవారనున్న ఖాళీ బల్లలనే చూస్తూ నిలబడింది. నిన్న సాయంత్రం దాకా వాటి మీద పాత కంప్యూటర్లు ఉన్నాయి.

రైతులు ఫోన్లలో పంపే మిరపాకుల ఫొటోలు చూసి తెగులు పేరు చెప్పే ఏర్పాటు అది. ఫొటోలోని మట్టినీ వేళ్లనూ తొలగించి ఆకును మాత్రమే మిగల్చడం పాతవాటి చాకిరీ. ఆ ఆకును వేలాది ఆకులతో పోల్చి తెగులు తేల్చడం కొత్తదాని పని. ఏ పనికి ఏ యంత్రం తగునో ఒక్కొక్కదాన్నీ పరీక్షించి ఆ పంపకం కుదిర్చింది వాగ్దేవే.

"పాతవి ఏవండీ?" అని శాఖాధిపతి పార్థసారథిని అడిగింది.

"జగ్గయ్యపేట పాతసామాన్లవాడికి ఎత్తించేశారు మేడం. అతిథులొచ్చేచోట ఈ డొక్కులేంటన్నారు కరస్పాండెంటుగారు. కొత్తది ఒక్కటే అన్నీ చేసుకోలేదా అని."

"చేసుకోలేదని మీరు చెప్పలేదా?"

"ఆయనకి చెప్పేదెవరండీ," అని పార్థసారథి కండువా సర్దుకున్నాడు.

పూజ ముగిసి యంత్రాన్ని నడపగానే రెడ్డిగూడెం రైతుల ఫొటోలు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. వాటిని శుభ్రం చేయడంలోనే కొత్త యంత్రం చతికిలబడింది. తెగులు తేల్చవలసిన దాని ఖరీదైన భాగం పని అందక ఊరికే కూర్చుంది. తెర ఖాళీగా ఉంది. అతిథులు గడియారాలు చూసుకోసాగారు. అప్పుడు పార్థసారథి, ఎవరూ అడగకుండానే, నిరుడు వేరే చేలకు వచ్చిన జవాబులను తెరమీదికి ఎక్కించాడు. తెరకెక్కిన ప్రతి జవాబూ రైతు ఫోనుకు కూడా వెళ్తుందని అతనికి తెలుసు. చప్పట్లు మోగాయి.

వాగ్దేవి వరండాలోకి వచ్చి రెడ్డిగూడెం రైతు సాంబయ్యకు ఫోన్ చేసింది. అతనిది కౌలు చేను. అతను ఉదయమే తన ఫోనుకు విడిగా పంపిన ఫొటోలను ఆమె చూసింది.

"సాంబయ్యగారూ, ఇప్పుడొచ్చిన మెసేజీ మీ చేనుది కాదు. మందు కొట్టకండి."

"బూడిద తెగులని వచ్చింది గదమ్మా. మందు కలిపేసా. కూలీలు పంపులు తగిలించుకున్నారు."

"మీకు తగిలింది తామరపురుగు. ఆ మందుకి అది చావదు. రెండ్రోజులు పోతే చేను మిగలదు. నా కళ్లతో చూశాను."



"కళ్లతో చూసి చెప్పేవాళ్ల మాట వినొద్దని మా ఊళ్లో మీటింగు పెట్టి చెప్పింది మీరే గదమ్మా," అన్నాడు సాంబయ్య, మర్యాదగానే. "మిషను చెప్పాక ఇంకేం అనుమానం? కూలీలు మళ్లీ దొరకరు, ఉంటానమ్మా."

అతను ఫోను పెట్టేసేలోగా పంపు మోటారు మొదలైన చప్పుడు ఆమెకు వినిపించింది.