ముప్పై ఏడు ఇళ్ళ మ్యాపు

ఎనిమిదో తరగతికి భూగోళం చెప్పే మాస్టారికి చుక్క పెట్టాల్సిన చోట పెట్టకపోతే ఒళ్ళు మండుతుంది. పదహారేళ్ళు గోడకు వేలాడే చిరుగు పటాలతో నెట్టుకొచ్చిన మనిషి. ఆ ఏడు బడికి పన్నెండు ట్యాబ్‌లు వచ్చేసరికి ఆయన ఉత్సాహానికి పట్టపగ్గాల్లేవు. ఉపగ్రహం తీసిన ఫోటోలో పిల్లల చేత బడి కప్పును వెతికించారు. అక్షాంశాలూ రేఖాంశాలూ పుస్తకంలో గీతలు కావనీ, తాము నిలబడ్డ చోటుకు గుర్తులనీ వాళ్ళను వీధి వీధీ తిప్పి మరీ నమ్మించారు.

ఆ ఊపులోనే ‘మేం బడికొచ్చే దారి’ అని ఒక మ్యాపు మొదలైంది. ముప్పై ఏడు మంది పిల్లలు, ముప్పై ఏడు ఎర్రచుక్కలు. చుక్క ఇల్లు, నీలిగీత దారి, పక్కన ఎన్ని నిమిషాల నడకో అంకె. “అసలు పేర్లు వద్దర్రా, ఇంట్లో పిలిచే పేర్లు పెట్టండి” అన్నారు మాస్టారు. తాను చాలా జాగ్రత్త తీసుకున్నాననే అనుకున్నారు.

కిటికీ పక్క బెంచీలో కూర్చునే పిల్ల ఆ బడికి కొత్త. చేరి మూడు నెలలు కాలేదు. అడిగితే తప్ప నోరు విప్పదు. ఆమె చుక్క పోస్టాఫీసు మీద ఉంది. పేరు ‘ఉడుత’. నడక ఇరవై రెండు నిమిషాలు.

మాస్టారు అక్కడే పట్టేశారు.

“పోస్టాఫీసు నుంచి బడికి మూడొందల మీటర్లు. ఇరవై రెండు నిమిషాలా? నత్త మీదెక్కి వస్తున్నావా తల్లీ?”

క్లాసంతా గొల్లుమంది.

“మ్యాపు అబద్ధం చెప్పకూడదమ్మా. సరైన చోట పెట్టు.”

“ఇలా ఉంచేస్తాను సార్.”

“ముప్పై ఆరు సరిగ్గా ఉండి ఒక్కటి తప్పైతే మొత్తం తప్పే. పెట్టు.”

పిల్ల తలొంచుకుని చుక్క మీద వేలు పెట్టింది. దాన్ని రైలు పట్టాలు దాటించి, లాండ్రీ వెనక సందులోకి లాగి వదిలేసింది. మాస్టారు “శభాష్” అన్నారు.

గురువారం హెడ్‌మేడమ్ ఆ మ్యాపును బడి పేజీలో పెట్టారు. కింద మాస్టారు రాసిచ్చిన వాక్యం కూడా చేర్చారు: ‘ప్రతి చుక్కనూ మేమే సరిచూశాం.’ ఎక్కడెక్కడి టీచర్లో మెచ్చుకుంటూ పంచుకున్నారు. సోమవారం పొద్దుటికి నాలుగువేల మంది చూశారు. మాస్టారు ఆ అంకెను స్టాఫ్‌రూమ్‌లో నలుగురికీ చూపించుకుంటుంటే గుమ్మంలో ఒకావిడ వచ్చి నిలబడింది. లాండ్రీ వాళ్ళ నీలం కోటు విప్పకుండానే వచ్చేసింది. సబ్బునీళ్ళకు వేళ్ళు నాని ముడతలు పడి ఉన్నాయి.

“సార్, ఆ మ్యాపు తీసెయ్యండి. ఇప్పుడే.”

“మీరు…”

“కిటికీ పక్కన కూర్చుంటుందే, దాని తల్లిని. పనిలో పక్కావిడ ఫోన్లో చూపించింది, మీ పిల్లల బడి ఎంత పేరు తెచ్చుకుందో చూడమని.” ఆమె గుమ్మం దాటి లోపలికొచ్చింది. “ఏడు నెలల కిందట రెండు సంచులతో ఇల్లు వదిలి వచ్చేశాం. దాని నాన్న మా దరిదాపులకు రాకూడదని కోర్టు చెప్పింది. కోర్టు చెప్తే వినే మనిషైతే మేం రావలసిన పనే లేదు. ఉడుత అని దాన్ని పిలిచేది ఆయనొక్కడే సార్.”

మాస్టారు కంప్యూటర్ ముందు కూర్చుని మ్యాపు తీసేసేలోపు పాస్‌వర్డు మూడుసార్లు తప్పు కొట్టారు. పేజీలోంచి పోస్టు తీసేయబోతూ కింద వ్యాఖ్యలు చూశారు. మెచ్చుకోళ్ళ మధ్య ఫోటో లేని ఖాతా ఒకటి శనివారం సాయంత్రం రాసింది: ‘మా ఉడుత ఎంత ఎదిగిపోయిందో!’

ఆమె చదివి కుర్చీ అంచు పట్టుకుంది. “ఆయనే. ఎప్పుడూ ఇలా ముద్దుగానే మొదలెడతాడు.”

హెడ్‌మేడమ్ పిల్లను క్లాసులోంచి తన గదికి పిలిపించుకుని లోపల గడియ పెట్టారు. తల్లి దగ్గరున్న నంబరుకు ఫోను చేస్తే మహిళా ఇన్‌స్పెక్టరు దొరికింది. అరగంటలో సందు దగ్గరికి వస్తాననీ, ఈలోపు ఎవరూ ఇంటికి వెళ్ళొద్దనీ చెప్పింది.

“మా అమ్మ ఇంట్లో ఉంది” అంది తల్లి ఉన్నట్టుండి. “చెవులు సరిగా వినపడవు, ఫోను లేదు. తలుపు ఎవరు బాదినా తీసేస్తుంది.”

“మీరు కదలకండి. నేను వెళ్తాను.”

“ఇల్లెక్కడో చెప్తా…”

“నాకు తెలుసమ్మా” అన్నారు మాస్టారు. ఆ మాట అంటుంటే తల దించుకోవాల్సి వచ్చింది.

“మేడ మీద, మూడో అంతస్తు. వెనక వైపు తలుపు. అది మ్యాపులో లేదు.”

ఆయన బండి రైలుగేటు దగ్గర నాలుగు నిమిషాలు ఆగిపోయింది. గేటు లేచాక లాండ్రీ ప్రహరీ చుట్టూ తిరిగి సందు మొదట్లోకి వచ్చేసరికి ఒకాయన నిలబడి ఉన్నాడు. ఉతికిన తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల, చంకలో పిల్లల చెప్పుల పెట్టె. చూడ్డానికి పెళ్ళిచూపులకొచ్చిన పెద్దమనిషిలా ఉన్నాడు.

“ఏమండీ, ఈ ఇల్లెక్కడో కాస్త చెప్తారా?” అంటూ ఫోను చాపాడు.

తెరమీద మాస్టారి మ్యాపే. పేజీలోంచి తీసేసినా, దాని ఫోటో ఆ ఫోనులో భద్రంగా ఉంది.

“ఆ చుక్క తప్పండి” అన్నారు మాస్టారు.

“మీకెలా తెలుసు?”

“ఆ మ్యాపు చేయించింది నేనే.”

ఆయన మొహం వికసించింది. “మాస్టారా! ఎంత మంచిపని చేశారండీ. కిందే రాశారుగా, ప్రతి చుక్కా సరిచూశామని.”

“రాస్తాం లెండి. ముప్పై ఏడు చుక్కలు ఎవరు చూస్తారు? పిల్లలు ఇష్టమొచ్చినట్టు పెట్టేశారు. ఆ పిల్లది పోస్టాఫీసు పక్కన.”

నవ్వు చెరగలేదు గాని, కళ్ళు మాస్టారి మొహం మీద ఆగిపోయాయి.

“ఇరవై రెండు నిమిషాలని రాసింది మా అమ్మాయి. పోస్టాఫీసు నుంచి మీ బడికి నాలుగు నిమిషాలు. పొద్దున్న అక్కడే బస్సు దిగి నడిచాను.”

క్లాసులో నలుగురి ముందూ మాస్టారు వేసిన లెక్కే అది. అక్షరం పొల్లుపోలేదు.

“ఇక్కణ్ణుంచి మాత్రం సరిగ్గా సరిపోతుంది” అంటూ ఆయన సందులోకి కదిలాడు.

మాస్టారు బండిని అడ్డంగా తోసి స్టాండు వేశారు. సందు ఇరుకు, బండి దాదాపు గోడ నుంచి గోడకు పట్టింది. మిగిలిన ఖాళీలో తానే నిలబడ్డారు.

“తప్పుకోండి మాస్టారూ. బడి పనులు మీవి, ఇంటి పనులు మావి.”

“తప్పుకోను.”

“మీకు పిల్లలున్నారా?”

“ముప్పై ఏడు మంది.”

ఆయన చెప్పుల పెట్టె నేలమీద పెట్టి, చొక్కా చేతులు ఒక్కో మడతా పైకి మడుచుకున్నాడు. తొందరేమీ లేదు. మాస్టారు జీవితంలో ఎవరి మీదా చెయ్యెత్తింది లేదు, దెబ్బ తిన్నదీ లేదు. అయినా బండి హ్యాండిల్ వదల్లేదు. మొదటి తోపుకు వీపు గోడకు కొట్టుకుంది. రెండోదానికి కళ్ళజోడు ఎగిరిపడింది. “దొంగ! దొంగ!” అని గొంతు చించుకుని అరిచారు. లాండ్రీ వెనక తలుపు తెరుచుకుని తడిచేతులతో నలుగురైదుగురు ఆడవాళ్ళు బయటికొచ్చారు. ఎవరేమిటని అడక్కుండానే ఆ మనిషిని చుట్టుముట్టారు. వాళ్ళు అక్కడుండగానే జీపు వచ్చి ఆగింది.

“నా కూతుర్ని చూసుకోడానికొచ్చాను. అది నేరమా?” అన్నాడు ఆయన చొక్కా సర్దుకుంటూ.

“అవును. కోర్టు కాగితంలో అదే రాసుంది, ఎక్కు” అంది ఇన్‌స్పెక్టరు.

మూడో అంతస్తులో ముసలావిడ ఇవేవీ వినలేదు. మాస్టారు తలుపు తట్టగానే ఎవరని అడక్కుండా తీసేసింది.

సాయంత్రం నాలుగింటికి బడి వెనకగేటు దగ్గర ఇన్‌స్పెక్టరు పంపిన బండిలో మళ్ళీ రెండు సంచులు సర్దారు. ఎక్కడికి వెళ్తున్నారో ఎవరూ చెప్పలేదు, మాస్టారూ అడగలేదు.

“మీమీద కోపం లేదనను సార్. ఉంది” అంది తల్లి. “దానికి ఇక్కడ ఇప్పుడిప్పుడే నిద్రపడుతోంది. మళ్ళీ మొదటికొచ్చాం. మీరు ఆ సందులో నిలబడ్డారు, అదీ మర్చిపోను.”

పిల్ల ముందే బండెక్కి అమ్మమ్మ పక్కన కూర్చుంది. కిటికీ అద్దం సగం దించింది.

“సార్, అది మొత్తం పోయిందా?”

“మన దగ్గర పోయిందమ్మా. ఎంతమంది దాచుకున్నారో నాకు తెలీదు.” మాస్టారు కిటికీ దగ్గరికి వంగారు. “నువ్వు చుక్క అక్కడ ఎందుకు పెట్టావో నేను అడగాల్సింది.”

“అడిగినా చెప్పేదాన్ని కాదు సార్” అందా పిల్ల. అద్దం పైకెత్తేసింది.

బుధవారం మాస్టారు క్లాసులో ట్యాబ్‌లు పంచకుండా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ కుటుంబం సంగతులు ఎత్తలేదు. తన తప్పు మాత్రం దాచుకోలేదు. ఒక పిల్ల తన ఇల్లు చూపించనంటే బలవంతాన చూపించేలా చేశాననీ, దానివల్ల ఆ పిల్ల ఈ ఊరే వదలాల్సి వచ్చిందనీ చెప్పారు.

“ఇంక మ్యాపులు చెయ్యమా సార్?” అని ముందు బెంచీ పిల్ల మెల్లిగా అడిగింది.

“చేద్దాం. వెలగని వీధి దీపాలు పెడదాం, వానొస్తే నీళ్ళు నిలిచే చోట్లు పెడదాం. ఏది పెట్టినా ముందు ఒకటి తేల్చుకుందాం” అని లేచి బోర్డు మీద పెద్దక్షరాలతో రాశారు: దీన్ని ఎవరెవరు చూస్తారు?

ఒకరు టీచర్లన్నారు, ఒకరు మున్సిపాలిటీ అన్నారు. వెనక బెంచీ నుంచి ఎవరో “దొంగలు సార్, దీపం లేని సందు ఎక్కడుందో వాళ్ళకీ కావాలిగా” అన్నారు. మాస్టారు సుద్దముక్క పట్టుకుని ఒక్కోటీ రాసుకుంటూ పోయారు. బెల్లు కొట్టేసరికి బోర్డు నిండింది. అందులో సగం ఆయనకు ఎన్నడూ తట్టనివే.