వీధివైపు వాడుక

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. పొయ్యి దగ్గర కూర్చుని పాలు పొంగకుండా గరిటె తిప్పుతున్న సింహాద్రమ్మ. మంచం మీద కాళ్ళు చాపుకుని మోకాళ్ళకి ఆముదం రాసుకుంటున్న ఆమె భర్త మంగరాజు. గుమ్మం ముందు ఆటో కడుగుతున్న కొడుకు రమేష్‌బాబు. పెరట్లో బట్టలు ఆరేస్తున్న కోడలు రోజారమణి. ఇక వీళ్ళెవరి కాళ్ళకీ అడ్డం రాకుండా, బీరువాకీ గోడకీ మధ్య ఉన్న సందులో చాప పరుచుకుని జువాలజీ రికార్డులో కప్ప గుండె గీసుకుంటున్న సత్యశ్రీ.

సత్యశ్రీ సింహాద్రమ్మకి తమ్ముడి కూతురు. ఊరు కృష్ణదేవిపేట అవతల. పదో తరగతి దాకా ఊరి బళ్ళోనే చదివి, ఇంటర్ కోసం నర్సీపట్నం వచ్చి మేనత్త ఇంట్లో ఉంటోంది. వచ్చి ఏడాదిన్నర దాటినా ఆ ఇంట్లో ఆమె గొంతు ఎలా ఉంటుందో బావ రమేష్‌బాబుకి సరిగ్గా తెలియదంటే ఆశ్చర్యం లేదు. అన్నం పెట్టమని కూడా అడగదు. పెట్టినప్పుడు తింటుంది. చెప్పాల్సిన మాటలన్నీ ఎరువుల కొట్టువాళ్ళు పంచిన ఒక పాత డైరీలో రాసుకుంటుంది. రాత మాత్రం ముత్యాల్లా ఉంటుంది. బళ్ళో ఉన్నప్పుడు నోటీసు బోర్డు మీద సూక్తి ఆమే రాసేది.

ఆ ఇంటికి వీధివైపు గదే పాల కొట్టు. షట్టరు తెల్లవారుజామున ఐదింటికి లేస్తుంది, తొమ్మిదికి దిగుతుంది. మళ్ళీ సాయంత్రం నాలుగింటికి లేస్తుంది. పాలు, పెరుగు, అడిగితే నెయ్యి. రమేష్‌బాబు ఆటో బాడుగలు ఉన్న రోజు ఉంటాయి, లేని రోజు ఉండవు. ఇల్లు నడిచేది కొట్టు మీదే.

ఆ రోజు పొద్దుటి షట్టరు దిగాక వార్డు ఆఫీసు నుంచి హేమసుందర్ అనే కుర్ర ఉద్యోగి మెళ్ళో కార్డు వేసుకుని కాగితాల కట్టతో వచ్చాడు. పట్టణానికి కొత్త ప్లాన్ తయారవుతోందని, ఏ వీధిలో కొట్లు ఉండవచ్చో, ఏ వీధిలో ఇళ్ళు మాత్రమే ఉండాలో రూల్సు మారుస్తున్నారని, ఈ వీధిని ఇళ్ళ వీధి కింద పెట్టారని, అయినా ఇప్పటికే నడుస్తున్న కొట్లని కదపరని, అది తెలుసుకోడానికే ఈ ఫారమని రమేష్‌బాబుకి వివరంగానే చెప్పాడు. చేతిలో నీళ్ళ పైపు, చెవిలో ఫోనులోని పాట. రమేష్‌బాబుకి అందులో సగం చేరింది. ఆ సగంలో సగం ఇంట్లోకి చేరింది.

"ఏదో సర్వేనంట. సత్యా, నీ రాత బాగుంటాది గదా, బేగి రాసీ. పక్కిళ్ళయ్యాక వొచ్చి అట్టుకెళ్తాడు" అని ఫారం చాప మీదికి విసిరి మళ్ళీ ఆటో దగ్గరికి పోయాడు.

సత్యశ్రీ పేరు రాసింది, డోర్ నంబరు రాసింది. మూడో గడిలో ఇలా ఉంది: వీధివైపు వాడుక ఏమిటి? ఎన్నాళ్ళుగా?

పాత ఫారాల్లో అక్కడ 'వినియోగం' అని ఉండేదట. జనానికి అంత పెద్ద మాటలు అర్థం కావని ఈసారి తేలిక తెలుగులో వేయించారట. ఈ సంగతి ఆమెకి తర్వాత తెలిసింది.

"అత్తా, వీధివైపు వాడుక ఏటని అడిగారు" అంది, పొయ్యి దగ్గరికి వినపడేంత మాత్రం.

సింహాద్రమ్మ పాల మీద నుంచి చూపు తిప్పలేదు. "వీధిలో వాడుకేటి, లేదు. మీ మావయ్య సైకిలెక్కడం మానీసిన కాణ్ణించీ లేదు. ఎన్నాళ్ళయ్యిందేటి?"

"రెండేళ్ళు" అన్నాడు మంగరాజు మంచం మీద నుంచి. "రెండేళ్ళూ మించే. నలభై ఇళ్ళ వాడుక. తలుసుకుంటే ఇప్పుడికీ కాళ్ళు లాగుతాయి."

పాలవాళ్ళ ఇంట్లో వాడుక అంటే ఇంకో అర్థం లేదు. నెల పొడుగునా ఫలానా ఇంటికి ఇన్ని పాలు అని ఒప్పుకుని, రోజూ తీసుకెళ్ళి పోయడమే వాడుక. సత్యశ్రీ ఊళ్ళోనూ అదే మాట. పాల కొట్టు కాబట్టి పాల వాడుక అడిగారనుకుంది. అయినా కలం ఆగింది. ఆఫీసువాళ్ళకి మా వాడుకతో పనేమిటి అని ఒక్క క్షణం అనిపించింది. అడుగుదామని గుమ్మం తెర దాకా వెళ్ళింది. హేమసుందర్ అప్పటికే గేటు దగ్గరికి వచ్చి నిలబడి ఉన్నాడు. పాతికేళ్ళు కూడా ఉండవు. జేబురుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. సత్యశ్రీ తెర వెనకే నిలబడింది.

వెనక్కి వచ్చి రాసింది: 'వాడుక లేదు. రెండు సంవత్సరాల నుంచి లేదు.' అత్త చేత సంతకం పెట్టించింది. ఫారం రోజారమణి చేతికిస్తే, ఆమె తడి చేత్తోనే తీసుకెళ్ళి ఇచ్చి వచ్చింది.

ఆ రాత్రి డైరీలో ఒక్క వాక్యం: 'సర్వే అతన్ని ఒక మాట అడగాల్సింది, అడగలేదు.'

నలభై రోజుల తర్వాత కాగితం వచ్చింది. ఆ ఇంటి వీధివైపు భాగం రెండేళ్ళుగా ఖాళీగా ఉన్నట్టు ఇంటివారే తెలిపినందువల్ల, తనిఖీకి మధ్యాహ్నం వచ్చినప్పుడు కూడా షట్టరు మూసే ఉన్నందువల్ల, కొత్త రూల్సు ప్రకారం అక్కడ ఇకమీదట ఏ వ్యాపారమూ పెట్టరాదు. నెలాఖరుకి బోర్డు తీసేయాలి. అభ్యంతరాలుంటే శుక్రవారం లోపు చెప్పుకోవచ్చు.

"కొట్టు లేదంటాడేటి? రోజూ పొద్దున్న ఇక్కడ లైన్లో నిలబడినోళ్ళంతా దెయ్యాలా?" అని రమేష్‌బాబు కాగితం పట్టుకుని గంతులేశాడు. "మెయిన్ రోడ్డు మీద కొత్త పాల పార్లరు ఎట్టినోడు డబ్బులిచ్చి రాయించీసినాడు. ఇది ఆడి పనే. ఆ హేమసుందర్‌గాడి సంగతి సూసొస్తాను."

ఆటోలో ఇద్దరు స్నేహితుల్ని ఎక్కించుకుని వెళ్ళాడు. గంటన్నరలో వచ్చేశాడు. వెళ్ళేటప్పుడు ఉన్న వేగం రాకలో లేదు.

"మన ఫారమే తీసి సూపించినాడు" అన్నాడు. "ఫొటో తీసుకొచ్చాను. సూడండి. ఎవుడో దొంగ కాయితం పుట్టించీసి అమ్మ సంతకం దించీసినాడు. రాత సూడు, టైపు కొట్టినట్టుంది. ఇలాటి రాత మనింట్లో ఎవులికుంది? కేసెట్టీస్తాను."

ఫోను చేతులు మారింది. మంగరాజు దూరంగా పెట్టుకుని చూశాడు. రోజారమణి వేళ్ళతో సాగదీసి చూసింది. సింహాద్రమ్మ చూసి, "సంతకం నాదే" అంది.

సత్యశ్రీ వైపు చూడలేదు. పాలగిన్నె మీద మూత సరిచేసి, మళ్ళీ సరిచేసింది. అత్తకి తెలుసని సత్యశ్రీకి అర్థమైంది. తెలిసీ కొడుకు ముందు బయటపెట్టలేదని కూడా అర్థమైంది. భయం వేయాలి. వేయలేదు. చలికాలం పొద్దున్న కాలవలో కాళ్ళు పెట్టాక, కాసేపటికి కాళ్ళు ఉన్నట్టే తెలియదు చూడండి, అలా ఉంది ఒళ్ళంతా.

"నేనే రాసాను బావా" అంది.

రమేష్‌బాబు ఆ గొంతు ఎవరిదా అన్నట్టు చుట్టూ చూశాడు. "నువ్వా? నువ్వెందుకు రాసినావు?"

"నువ్వే రాయమన్నావు."

"కొట్టు లేదని రాయమన్నానా?"

"వాడుక ఏటని ఉంది. అత్తనడిగాను. లేదంది. అదే రాసాను."

మంగరాజుకి ముందు అర్థమైంది. ముక్కులోంచి చిన్న నవ్వు వచ్చింది, ఆపుకోలేకపోయాడు. "నిజమే రాసింది గదరా. వాడుక లేదు. రెండేళ్ళయ్యింది. మీ అమ్మ సెప్పింది, లెక్క నేను సెప్పాను. ఆ గుంట మీద పడతావేటి?"

"నవ్వు, నాన్నా, నవ్వు. నెలాఖరుకి షట్టరు దించీసి అందరం కూకుని నవ్వుకుందుం."

"ఇంటర్ సదువు మరి" అంది రోజారమణి, ఎవరికీ చెప్పనట్టు. "కాయితం మీద ఏటుందో తెల్దు గానీ కప్పని కోసీడం తెలుసు."

"సందేగం రాలేదేటి నీకు?" అని అడిగింది సింహాద్రమ్మ. కోపంగా కాదు. పాలు విరిగాయా అని అడిగినట్టు అడిగింది.

రాలేదని అంటే సరిపోయేది. "వొచ్చింది" అంది సత్యశ్రీ. "ఆయన్ని అడుగుదామని తెర దాకా ఎళ్ళాను. అడగలేకపోయాను."

ఆ మాటకి మంగరాజు నవ్వు కూడా ఆగిపోయింది.

గురువారం సాయంత్రం రమేష్‌బాబు మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాడు. ఈసారి స్నేహితులు లేరు, అరకిలో పెరుగు డబ్బా ఉంది. హేమసుందర్ పెరుగు ముట్టుకోలేదట గానీ దారి చెప్పాడట. ఇంట్లో మనుషులు ఇచ్చిన వివరం అయితే దాన్ని మార్చడం తన చేతిలో లేదు. ఇంటికి సంబంధం లేని వాళ్ళెవరో తెలియక రాశారని అర్జీ పెడితే, పాత ఫారం పక్కన పెట్టి కొత్తది తీసుకుంటారు. శుక్రవారం పదకొండు గంటలకి పెద్దసారు స్వయంగా వచ్చి చూస్తారు. షట్టరు తీసి ఉండాలి, పాలు ఉండాలి, కొనేవాళ్ళు ఉండాలి. అడిగిన దానికి అందరూ ఒకే మాట చెప్పాలి.

"సంబంధం లేని వాళ్ళు అంటే?" అంది సింహాద్రమ్మ.

"రేషన్ కార్డులో మనం నలుగురిమే గదా అమ్మా. ఇది అబద్ధం కాదు."

సింహాద్రమ్మ చాలాసేపు చీపురు పుల్లతో నేల మీద గీతలు గీసింది. తర్వాత, "రాయండి" అంది.

రాత మళ్ళీ సత్యశ్రీదే అయితే పట్టుబడిపోతుంది కాబట్టి రోజారమణి కూర్చుంది. ఆమె ఎనిమిదితో ఆపేసింది. కలం పట్టుకుని చాలా ఏళ్ళయింది. రమేష్‌బాబు ఒక్కో మాటా చెబుతుంటే అక్షరాన్ని తవ్వి తీస్తున్నట్టు రాసింది. రెండో వరుసలోనే ఆగిపోయింది.

"సంబంధంలో 'ధ' ఏ ధ?" అని అడిగింది, చాప వైపు తిరిగి.

"పొట్టలో చుక్క ఉండదు, కింద వొత్తు ఉంటుంది" అంది సత్యశ్రీ.

"సూపించు."

సత్యశ్రీ గాల్లో వేలితో రాసి చూపించింది. రోజారమణి చూసి రాసుకుంది. 'సదరు బాలిక మా ఇంటి మనిషి కాదు. ఆమెకు ఈ ఇంటితో ఏ సంబంధమూ లేదు.' పూర్తయ్యాక తప్పులున్నాయేమో చూడమని కాగితం ఆమెకే ఇచ్చారు. ఒక చోట దీర్ఘం పోయింది. చెప్పింది. రోజారమణి దిద్దింది.

ఆ రాత్రి డైరీ తీసి తేదీ వేసింది. కింద రాయడానికి ఏమీ రాలేదు. మూసి పెట్టెలో పెట్టింది.

శుక్రవారం పొద్దున్న తొమ్మిదికి దిగాల్సిన షట్టరు దిగలేదు. రమేష్‌బాబు అద్దానికి పట్టిన పాలచారలు తుడిచి, మామూలుగా వంటింట్లో ఉండే గిన్నెలు కూడా తెచ్చి కొట్లో వరసగా పేర్చాడు. వీధిలో ఉన్న నలుగురైదుగురిని పదకొండుకి పాలకి రమ్మని బతిమాలి వచ్చాడు. మంగరాజు చొక్కా వేసుకుని గల్లా దగ్గర కూర్చున్నాడు.

సింహాద్రమ్మ లోపలికి వచ్చి, బీరువాకీ గోడకీ మధ్య సందులోకి చూసింది.

"ఆ సాప సుట్టీ" అంది. "పుస్తకాలూ, పెట్టీ అన్నీ అట్టుకెళ్ళు. సారు లోపల గదులు గాని సూస్తానంటే? ఎవులిదమ్మా ఇదంతా అంటే ఏటి సెప్పనే? ఆళ్ళొచ్చి ఎళ్ళీదాకా ఎదురుగా తలుపులమ్మ ఇంట్లో కూకో."

సత్యశ్రీ చాప చుట్టింది. తాడు మీద ఉన్న తన బట్టలు తీసింది. దువ్వెన తీసింది. పెట్టె సగమే నిండింది. ఏడాదిన్నర సర్దడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. రెండు విడతలుగా వీధి దాటించి తలుపులమ్మ అరుగు మీద పెట్టింది. తలుపులమ్మ ముసలావిడ, చెవులు సరిగ్గా వినపడవు. "ఊరెళ్ళిపోతున్నావేటే?" అని అడిగింది. సత్యశ్రీ తలూపింది. ఆ ఊపుకి అవుననీ కాదనీ రెండర్థాలూ వస్తాయి.

అప్పుడు గుర్తొచ్చింది, రికార్డు మంచం కింద ఉండిపోయిందని. అది సోమవారం చూపించాలి. దాని అట్ట మీద ఆమె పేరు ఇంతలేసి అక్షరాల్లో ఉంది. తిరిగి వీధి దాటి, కొట్టు పక్కనున్న ఇంటి గుమ్మం ఎక్కింది. వీధి చివర రెండు బైకులు తిరిగాయి. ముందు బైకు వెనక సీట్లో హేమసుందర్, చేతిలో కాగితాల కట్ట.

సింహాద్రమ్మ గుమ్మంలోనే ఉంది. ఆమె కూడా బైకుల్ని చూసింది.

"అత్తా, నా రికార్డు..."

"తరవాత" అంది సింహాద్రమ్మ. గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది. బైకు దగ్గరకొచ్చేసింది. మేనకోడలి మొహంలోకి చూసింది, ఏదో అనబోయింది, హేమసుందర్ వైపు చూసింది. ఆ తర్వాత, వీధిలో వాళ్ళకీ వినపడేలా, కొట్టుకొచ్చిన ఏ పిల్లతోనో అన్నట్టు, "పాలు కావాలంటే అటు కొట్టు కాడికెళ్ళమ్మా, ఇటు కాదు" అంది.

అని తలుపు వేసేసింది.