నల్ల అట్ట మీది మొహం

నెల్లిమర్లలో కొండబాబు ఫ్లెక్సీ షాపు షట్టరు లేవగానే ముందుగా వచ్చేది చచ్చిపోయినవాళ్లు. ముందురోజు ఎవరి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ అచ్చయిందో వాళ్లు పొద్దున్నే వచ్చి, గుమ్మం ముందు నిలబడి తమ బొమ్మ చూసుకుంటారు. నచ్చితే తలాడించి వెళ్లిపోతారు. అలా వెళ్లినవాళ్లు మళ్లీ రారు. నచ్చకపోతే కదలరు. బతికున్నన్నాళ్లూ అద్దం మొహం చూడని పెద్దమనిషి కూడా ఆ పూట మాత్రం మెడ కింద ముడతలు తీసెయ్యమని పేచీ పెడతాడు. కొండబాబు విసుక్కోకుండా కంప్యూటర్లో తీసిపెడతాడు. వాళ్లు గుమ్మంలో అడ్డంగా నిలబడితే బతికున్న గిరాకీ లోపలికి ఎలా వస్తుంది మరి?

జ్ఞానసుందరి ఆ షాపులో ఫ్లెక్సీల అంచులు మడిచి అతికించి, మూలల్లో రింగులు కొట్టే పని చేస్తుంది. ఆమెకు వాళ్లంటే భయం లేదు. పనికి అడ్డొస్తే పక్కకి జరగమని కసిరేది కూడా. ఆమె మొగుడు అప్పారావు మాత్రం ఏనాడూ ఆ గుమ్మానికి రాలేదు. జూట్ మిల్లులో చేరిన కొత్తలోనే పచ్చకామెర్లు ముదిరి పోయాడు. అప్పటికి కొడుకు విక్టర్ పాకుతున్నాడు, కూతురు ప్రిస్కిల్లా కడుపులో ఉంది. గోడకి తగిలించుకోడానికి ఒక్క ఫొటో కూడా మిగల్లేదు. బొమ్మే లేనివాడు ఏం చూసుకోడానికి వస్తాడు?

విక్టర్ బాప్టిస్టు చర్చిలో గిటారు నేర్చుకుని, చర్చిలో పాడకూడని పాటలు కట్టడం మొదలుపెట్టాడు. విజయనగరంలో ఇంజినీరింగు చదివే పృథ్వీరాజ్ డ్రమ్ములు వాయించేవాడు. ఇంకో ఇద్దరు స్నేహితులు తోడయ్యారు. అదో రాక్ బ్యాండు, దాని పేరు గోనెసంచి. మిల్లు కూత గురించీ కూర లేని అన్నం గురించీ గొంతు చించుకుని పాడేవాళ్లు. 2013 వేసవికి వాళ్ల పాటలతో ఒక సీడీ తయారైంది. దానికి అట్ట కావాల్సి వచ్చింది.

కొండబాబు ముచ్చటపడి ఉదయించే సూర్యుణ్ణి పెట్టాడు, రెండు పావురాలనీ ఒక గులాబీనీ కూడా చేర్చాడు. పృథ్వీరాజ్ తల పట్టుకున్నాడు. రాక్ వినేవాళ్లు పాట కంటే ముందు అట్టని చూసి కొంటారనీ, అది చూడగానే గుండె జల్లుమనాలనీ, ఇంట్లో అమ్మ చూసి ‘ఏటిరా ఇది’ అని తిడితే తప్ప కుర్రాడికి అది తనదనిపించదనీ పాఠం చెప్పాడు. లాప్‌టాప్ తెరిచి విదేశాల అట్టలు చూపించాడు. అన్నీ చీకట్లు, పుర్రెలు, గాజుకళ్ల మొహాలు.

“ఓస్, ఇదా,” అన్నాడు కొండబాబు. వెంటనే తన దగ్గరున్న శ్రద్ధాంజలి ఫైలు తెరిచి, దండ తీసేశాడు, దీపం తీసేశాడు. నల్లటి నేపథ్యం, తల వెనక తెల్లటి వెలుగు మిగిలాయి. ఆ వెలుగులో విక్టర్ మొహాన్ని రంగులన్నీ లాగేసి కూర్చోబెట్టాడు, కింద వాడి పేరు వేశాడు. కుర్రాళ్లు తెర మీదికి వంగిపోయారు. ఇదే కావాలన్నారు. సీడీల అట్టలూ, గోడకి కట్టే పెద్ద పోస్టరూ సాయంత్రానికల్లా అచ్చయిపోయాయి. రింగులు కొట్టడానికి పోస్టరు పరిచిన జ్ఞానసుందరి సుత్తి పక్కన పెట్టేసింది.

“ఇది సచ్చినోల్లకి ఏసేది కదా బాబూ,” అంది.

కుర్రాళ్లకి నచ్చాక మనదేం పోయిందన్నాడు కొండబాబు.

మర్నాడు పొద్దున షట్టరు లేపేసరికి గుమ్మం ముందు జనం. ఎవరూ ఈమధ్య పోయినవాళ్లు కాదు. ఫ్లెక్సీలు పుట్టక ముందు, ఫొటో అంటే ఏమిటో తెలియకుండానే పోయినవాళ్లు. ఎన్నేళ్లుగానో తమకంటూ ఒక బొమ్మ లేక ఎక్కడెక్కడో ఉన్నవాళ్లందరినీ ఆ నలుపూ ఆ వెలుగూ పిలుచుకొచ్చాయి. అందరికంటే ముందున్న ముసలామె పేరు కూర్మమ్మ, కొండబాబు తాత పుట్టినప్పుడు పురుడు పోసిన మంత్రసాని తానేనని చెప్పుకుంది. వాళ్లు సీడీ అట్టని చేతులు మార్చుకుంటూ మురిసిపోయారు.

“ఎంత సక్కగున్నాడో. ఈ బాబు ఎప్పుడొచ్చేడు? మాకు అగుపడనేదేటి?” అంది కూర్మమ్మ.

జ్ఞానసుందరి చేతిలో పని వదిలి ముందుకొచ్చింది. వాడు రాలేదనీ, బతికే ఉన్నాడనీ చెప్పబోతే కూర్మమ్మ జాలిగా ఆమె చెంప నిమిరింది. కడుపుకోత పడ్డ తల్లులందరూ మొదట అలాగే అంటారంది. వాళ్లు తలాడించి వెళ్లిపోలేదు. విక్టర్‌ని వెతుక్కుంటూ ఊళ్లోకి నడిచారు.

ఆ రోజు నుంచి విక్టర్ తగ్గిపోవడం మొదలైంది. వీధి కుక్కలు వాణ్ణి చూసి మొరగడం మానేశాయి. బస్సులో కండక్టరు అందర్నీ టిక్కెట్టు అడిగి వాణ్ణి దాటుకుపోయాడు. రైలు గేటు దగ్గర ఒక ఆటో నేరుగా వాడి మీదికే వచ్చింది, పక్కకి దూకాడు కాబట్టి సరిపోయింది. వాడు వీటన్నిటినీ నవ్వుతూ చెప్పేవాడు. జ్ఞానసుందరికి నవ్వు రాలేదు. ఆదివారం మధ్యాహ్నం ప్రిస్కిల్లా తల్లికీ తనకీ అన్నం వడ్డించి కుండ మూసేసింది. అన్న పక్కనే పీట మీద కూర్చుని ఉన్నాడు. మరి నాకో అని వాడు అడిగితే, ఎవరో తెలియని మనిషి ఇంట్లోకి వచ్చినట్టు ఉలిక్కిపడి చూసింది. మరుక్షణం ఏడుపు మొదలుపెట్టింది. అన్నంటే ప్రాణం పెట్టే పిల్ల అది. జ్ఞానసుందరి కొడుకు చెయ్యి పట్టుకుంది. కొత్త కుండలో నీళ్లలా చల్లగా ఉంది. ఆమె తన కంచం వాడి ముందుకి జరిపింది.

అట్టకి రంగులు వెయ్యమని ఆమె కొండబాబు కాళ్లావేళ్లా పడింది. అతను సరేనన్నాడు. కానీ సీడీలు అప్పటికే విజయనగరం హాస్టళ్లన్నీ చుట్టేశాయి. కుర్రాళ్లు పాట వినకుండానే అట్ట చూసి కొంటున్నారు, మంచాల పైన గోడకి అంటించుకుంటున్నారు. ఆ మొహం చూస్తుంటే ఎవరికీ చెప్పుకోని తమ భయం దానికి తెలుసునన్నట్టు ఉందట. పృథ్వీరాజ్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

“భయమేస్తంది కాబట్టే కొంటన్నారమ్మా. రంగులేస్తే ఎవుడు ముట్టుకుంటాడు?” అన్నాడు విక్టర్. ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నా వాడి గొంతు పక్కింట్లోంచి వస్తున్నట్టు వినిపించింది.

ఆ మర్నాడు షాపు ముందు అప్పారావు నిలబడి ఉన్నాడు.

పోయిన నాటి వయసే. అంటే ఇప్పుడు విక్టర్ వయసే. అదే ముక్కు, అదే నుదురు, కనుబొమల మధ్య అదే గీత. కాళ్లకి చెప్పుల్లేవు. షాపు గోడ మీది పోస్టరునే చూస్తున్నాడు. ఇన్నేళ్ల తర్వాత మొగుణ్ణి చూస్తే జ్ఞానసుందరికి ప్రేమ రాలేదు, భయం వేసింది. కొడుకుని తీసుకుపోడానికి వచ్చాడనుకుంది. అతను ఇటు తిరిగి ఏదో చెప్పబోయాడు. ఆమె వినలేదు, అతని మొహం మీదే షట్టరు లాగేసింది. లోపల చీకట్లో కూర్చుని, ప్రభువా ఈ మనిషిని పంపించెయ్యి అని ప్రార్థించింది.

ఆ శనివారం మధ్యాహ్నం ఒక కల్యాణమంటపంలో గోనెసంచి వాళ్ల కార్యక్రమం జరిగింది. బతికున్నవాళ్లు కుర్చీల్లో కూర్చున్నారు, పోయినవాళ్లు గోడల పొడవునా నిలబడ్డారు. జ్ఞానసుందరి వేదిక పక్కన నిలబడి కొడుకు మీంచి చూపు తిప్పలేదు. చివరి పాట అయ్యాక చప్పట్లు మోగాయి. కుర్చీల్లోవాళ్లందరూ పృథ్వీరాజ్‌నీ మిగతా ఇద్దర్నీ చూసి కొడుతున్నారు. పాడినవాడి వైపు ఒక్కరూ చూడలేదు.

కూర్మమ్మ వేదిక దగ్గరికి వచ్చింది.

“పాట బాగున్నాది బాబూ. పద, మావోలందరూ ఎదురు సూస్తన్నారు.”

విక్టర్ గిటారు కింద పెట్టి మెట్లు దిగాడు. జ్ఞానసుందరి పేరు పెట్టి పిలిచింది, వాడు తిరగలేదు. పరిగెత్తి చొక్కా పట్టుకుంటే గుడ్డ గుప్పిట్లో నిలవలేదు. వాడి కళ్లు తెరిచే ఉన్నాయి గానీ వాటిలో తల్లి లేదు.

అప్పుడు గోడ దగ్గర్నుంచి అప్పారావు వచ్చి కూర్మమ్మకి అడ్డంగా నిలబడ్డాడు. అతని చేతిలో సీడీ అట్ట ఉంది.

“ఎవుల్ని తీసుకుపోతన్నావత్తా? ఈ బొమ్మ నాది.”

కూర్మమ్మ అట్ట వంక చూసింది, అప్పారావుని చూసింది, విక్టర్‌ని చూసింది. కింద రాసిన పేరు చదవడానికి ఆమెకు అక్షరాలు రావు. గోడల దగ్గరున్నవాళ్లూ మెడలు చాచి చూశారు గానీ ఎవరికీ తేడా తెలియలేదు. ఆమె జ్ఞానసుందరి వైపు తిరిగింది.

“నువ్వు సెప్పమ్మా. ఈ బొమ్మ ఎవుల్ది?”

జ్ఞానసుందరి అప్పుడు మొగుడి మొహంలోకి సూటిగా చూసింది. అక్కడ తనకున్నంత భయమే ఉంది. ఈమె ఎక్కడ నిజం చెప్పేస్తుందోనన్నదే ఆ భయం. తాను అవునంటే అతను బొమ్మ చూసుకుని వెళ్లిపోతాడు. ఇక ఎప్పటికీ రాడు. ఆ సంగతి ఆ షాపులో పనిచేసే మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు.

“మా ఆయన్ది,” అంది. “మా ఆయన్దేనమ్మా. ఫొటో ఏయించడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది.”

అప్పారావు వేళ్లతో క్రాపు సర్దుకుని, అట్టని వెలుతురులోకి ఎత్తి చూసుకున్నాడు. తృప్తిగా తలాడించాడు. కూర్మమ్మ అతని చెయ్యి పట్టుకుంది. గోడల దగ్గరున్నవాళ్లందరూ వాళ్ల వెంట బయటికి నడిచారు.

విక్టర్ ఒక్కసారిగా దగ్గాడు. మొహం నిండా చెమటలు పోశాయి, ముందు వరసలో ఎవరో వాడి పేరు పెట్టి ఈల వేశారు. వాడు తలుపు వైపే చూస్తున్నాడు.

“అమ్మా, ఆడెవుడు? నాలాగున్నాడు.”

“మీ నాన్న,” అంది జ్ఞానసుందరి.

వాడు తలుపు దాకా పరిగెత్తాడు. అప్పారావు పోయిన రోజున ఆమెకు ఏడవడానికి తీరిక దొరకలేదు, పాలకి ఏడ్చే పిల్లవాడు ఒళ్లో ఉన్నాడు. ఇప్పుడు ఆ పిల్లవాడు ఎండలో రోడ్డుకి అటూ ఇటూ ఉరుకుతూ నాన్నా, నాన్నా అని అరుస్తుంటే, ఆమె వేదిక మెట్ల మీద కూలబడి మొగుడి కోసం ఏడ్చింది.